న్యూయార్క్‌లోని ఓవర్‌డోస్ నివారణ కేంద్రాలు ప్రభుత్వ డబ్బుతోనే నడుస్తాయా?

పూర్తిగా కాదు. ఈస్ట్ హార్లెమ్, వాషింగ్టన్ హైట్స్ ప్రాంతాల్లో 2021 నవంబరు 30న మొదలైన రెండు కేంద్రాలను ఆన్‌పాయింట్ ఎన్‌వైసీ అనే స్వచ్ఛంద సంస్థ నడుపుతోంది. వాడిన సూదులు తీసుకుని కొత్తవి ఇచ్చే సూదుల మార్పిడి వంటి సేవలకు ప్రభుత్వ నిధులు అందుతాయి. మోతాదు మించితే (ఓవర్‌డోస్) కాపాడే సిబ్బంది కళ్లెదుట మాదకద్రవ్యం వాడే గదికి మాత్రం ప్రైవేటు విరాళాలే ఆధారం.

అడ్డంకి ఫెడరల్ (అమెరికా కేంద్ర ప్రభుత్వ) చట్టం. మాదకద్రవ్యాలు వాడేందుకు స్థలం నిర్వహించడం 1986 నుంచి నేరం. ఓపియాయిడ్ (నల్లమందు తరహా నొప్పి నివారణ) మందుల కంపెనీలు రాజీ ఒప్పందాల కింద చెల్లించిన సొమ్ములో కొంత ఈ కేంద్రాలకు ఇవ్వాలని రాష్ట్ర సలహా మండలి 2022లో సిఫారసు చేస్తే, గవర్నర్ కాథీ హోకుల్ ప్రభుత్వం ఆ చట్టాన్ని చూపి తిరస్కరించింది. నా దృష్టిలో అది తప్పుడు నిర్ణయం. ఓపియాయిడ్ మోతాదు మించితే ఊపిరి మందగించి ఆగిపోతుంది. పక్కన మనిషి, ఆక్సిజన్, ఓపియాయిడ్ ప్రభావాన్ని తిప్పికొట్టే నలాక్సోన్ మందు ఉంటే నిమిషాల్లో ప్రాణం నిలబెట్టవచ్చు. ఎక్కడో ఒంటరిగా వాడేవారికి ఆ అవకాశమే లేదు. అంతటి పనిని దాతల దయకు వదిలేయడం అన్యాయం.

కెనడాలో దారి వేరు. వాంకూవర్‌లో 2003లో తెరిచిన ఇన్‌సైట్ కేంద్రం ప్రభుత్వ ఆరోగ్య నిధులతో నడుస్తోంది. దానికి చట్టపరమైన మినహాయింపు కొనసాగించాలని 2011లో అక్కడి సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఆదేశించింది.