క్లౌడ్ ఫోల్డర్‌లో కనిపిస్తున్న ఫైలు క్లౌడ్‌కు చేరిందా?

విండోస్ 10 నుంచి లినక్స్‌కు మారుతున్నానని, ఫైళ్లన్నీ క్లౌడ్ ఫోల్డర్‌లోనే ఉన్నాయి కనుక డిస్కును నేరుగా ఫార్మాట్ చేయవచ్చా అని మీరు అడిగారు. దయచేసి ఈ రోజు చేయకండి. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు సాధారణ మద్దతు ముగిసింది కాబట్టి మారాలనుకోవడం సబబే, కానీ ఒక వారం ఆలస్యమైనంత మాత్రాన మునిగిపోయేదేమీ లేదు. ఫైలు క్లౌడ్ ఫోల్డర్‌లో కనిపించడం వేరు, క్లౌడ్‌కు చేరడం వేరు. ఈ తేడా మా నాన్నగారి గొంతు ఉన్న ఆరు రికార్డింగులు పోయాక గానీ నాకు తెలియలేదు.

ఆయన తన చిన్ననాటి సంగతులు చెబుతుంటే ప్రతి ఆదివారం ఫోనులో రికార్డు చేసి, కంప్యూటర్‌లోని క్లౌడ్ ఫోల్డర్‌లోకి ఎక్కించి, ఫోనులోని ప్రతిని తొలగించేసేవాడిని. సిస్టమ్ మార్చే రాత్రి ఆ ఫోల్డర్ తెరిచి లెక్కపెట్టాను. 23 రికార్డింగులూ ఉన్నాయి. ఆ భరోసాతో డిస్కును ఫార్మాట్ చేసి కొత్త సిస్టమ్ వేసుకున్నాను. తెల్లవారాక బ్రౌజర్‌లో ఖాతా తెరిస్తే జాబితా 17 దగ్గర ఆగిపోయింది. పేజీని ఎన్నిసార్లు తెరిచినా, ఒక్కొక్క పేరూ టైపు చేసి వెతికినా మిగిలినవి లేవు. చివరకు ఆ పేజీలో ఒక పక్కన, నిల్వ స్థలం నిండిపోయిందన్న చిన్న సూచన కనిపించింది. ఆరు వారాలుగా నా కంప్యూటర్ నుంచి ఒక్క ఫైలు కూడా పైకి వెళ్లలేదు. ఆ రాత్రి నేను లెక్కపెట్టినవన్నీ నా డిస్కులోని ప్రతులే. నాన్నగారిని మళ్లీ చెప్పమని అడిగితే ఓపికగా చెప్పారు. కానీ వాళ్ల అమ్మ తనను పిలిచే తీరును అనుకరించి మొదటిసారి ఆయన నవ్విన నవ్వు రెండోసారి రాలేదు.

అందుకే నేను ఎవరికైనా ముందుగా చెప్పేది ఇదే: మీ కంప్యూటర్‌లోని ఫోల్డర్‌ను నమ్మకండి. వేరే పరికరంలో, బ్రౌజర్ ద్వారా ఖాతాలోకి వెళ్లి, అన్నిటికంటే కొత్త ఫైలును, అన్నిటికంటే పెద్ద ఫైలును అక్కడే తెరిచి చూడండి. పేరు కనిపిస్తే చాలదు, లోపలి విషయం తెరుచుకోవాలి.

దీనికి తలకిందులైన ప్రమాదం కూడా ఉంది. మైక్రోసాఫ్ట్ క్లౌడ్ సేవ అయిన వన్‌డ్రైవ్‌లో 2017 నుంచి ఉన్న సదుపాయం వల్ల ఫైలు పేరు మాత్రమే మన డిస్కులో ఉండి, అసలు సరుకు సర్వర్‌లో ఉండవచ్చు. పక్కన మబ్బు గుర్తు ఉన్నవన్నీ అలాంటివే. ఎక్స్‌టర్నల్ డిస్కులోకి కాపీ చేసే ముందు ఆ ఫోల్డర్‌పై రైట్ క్లిక్ చేసి, ఎప్పుడూ ఈ పరికరంలోనే ఉంచమనే ఎంపికను ఎంచుకుని, డౌన్‌లోడ్ పూర్తయ్యేవరకు ఆగాలి. గూగుల్ డాక్స్ పత్రాల సంగతి ఇంకా వేరు. డ్రైవ్ ఫోల్డర్‌లో కనిపించే ఆ ఫైలు ఒక లింకు మాత్రమే కాబట్టి, దాన్ని కాపీ చేసుకుంటే అక్షరం ముక్క కూడా వెంట రాదు. గూగుల్ టేకౌట్ ద్వారా వాటిని మామూలు ఫైళ్లుగా దించుకోవాలి.

నాకు అన్నిటికంటే బాధ కలిగించే విషయం, రెండు చోట్లా ఫైళ్లను ఒకేలా ఉంచే సింక్‌ను బ్యాకప్ అని పిలవడం. బ్యాకప్ అంటే ఇక్కడ పోయినా అక్కడ నిలిచి ఉండేది. సింక్‌లో ఇక్కడ తొలగిస్తే అక్కడా పోతుంది. కాపీ చేయడానికి బదులు కట్ చేసి పెన్‌డ్రైవ్‌లో పెట్టారంటే, క్లౌడ్ దృష్టిలో మీరు ఆ ఫైలును తొలగించినట్టే. వ్యక్తిగత వన్‌డ్రైవ్ ఖాతాలోనూ గూగుల్ డ్రైవ్‌లోనూ తొలగించినవి 30 రోజులు మాత్రమే చెత్తబుట్టలో ఉంటాయి. కాబట్టి పాత కంప్యూటర్‌ను ఖాతా నుంచి విడదీయకుండా అందులోని ఫోల్డర్‌ను శుభ్రం చేయకండి. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌ను విడిగా చూసుకోండి. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్‌తో పాటు అదీ పైకి వెళ్తోందని చాలామంది పొరబడతారు.

మరో సంగతి. ఖాతాలోకి వెళ్లడానికి కావలసిన పాస్‌వర్డ్ పాత బ్రౌజర్‌లోనే దాచి ఉంటే, ఫార్మాట్ చేశాక తలుపు బయట నిలబడతారు. పాస్‌వర్డ్‌తో పాటు, ఫోనుకు వచ్చే కోడ్ అందనప్పుడు లోపలికి రానిచ్చే రికవరీ కోడ్లను కూడా కాగితం మీద రాసుకోండి. విండోస్‌లో డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ ఉన్న డిస్కయితే 48 అంకెల రికవరీ కీ కూడా రాసుకోవాలి. లినక్స్‌లో డ్రాప్‌బాక్స్‌కు అధికారిక యాప్ ఉంది గానీ వన్‌డ్రైవ్‌కూ గూగుల్ డ్రైవ్‌కూ లేదు. వాటికి, క్లౌడ్‌కూ కంప్యూటర్‌కూ మధ్య ఫైళ్లను చేరవేసే ఆర్‌క్లోన్ వంటి సాధనాన్ని వాడుకోవచ్చు. అయితే మొదటిసారి ఒకవైపు కాపీ మాత్రమే చేయించండి. ఖాళీ ఫోల్డర్‌ను మూలంగా చూపి సింక్ ఆదేశం ఇస్తే, అవతలి ఫైళ్లన్నీ తుడిచిపెట్టుకుపోతాయి.

వీలైతే పాత డిస్కును అసలు ఫార్మాట్ చేయకండి. దాన్ని విప్పి పక్కన పెట్టి, కొత్త డిస్కులో లినక్స్ వేసుకోండి. కనీసం రెండు నెలలు దాన్ని తాకవద్దు, ఎందుకంటే ఏ ఫైలు రాలేదో మనకు తెలిసేది దాని అవసరం పడిన రోజునే.