జేసన్‌లో విలువ ఉన్నా సి షార్ప్ క్లాసులోకి నల్ వస్తోందా? ముందు యూజింగ్ లైన్లు చూడండి

సర్వరు పంపే జేసన్‌లో (సమాచారాన్ని పేరు-విలువ జంటలుగా పంపే టెక్స్ట్ రూపం) ‘కస్టమర్_నేమ్’ అని అండర్‌స్కోర్‌తో ఉంది, మీ క్లాసులో అదే పేరు అండర్‌స్కోర్ లేకుండా ఉంది. ఆ రెండు పేర్లనూ కలపడానికి ఆట్రిబ్యూట్ (ప్రాపర్టీ పైన చదరపు బ్రాకెట్లలో రాసే సూచన) పెట్టినా నల్, అంటే ఖాళీ విలువ, వస్తోంది, ఎర్రర్ మాత్రం ఏదీ లేదు అంటున్నారు.

మీరు పెట్టిన ‘జేసన్‌ప్రాపర్టీ’ జేసన్‌ను చదివే న్యూటన్‌సాఫ్ట్ లైబ్రరీది. మీరు పిలుస్తున్న జేసన్‌సీరియలైజర్ మాత్రం డాట్‌నెట్‌తోనే వచ్చే సిస్టమ్.టెక్స్ట్.జేసన్‌ది. దానికి కావలసినది ‘జేసన్‌ప్రాపర్టీనేమ్’. ఒక లైబ్రరీ ఆట్రిబ్యూట్‌ను రెండోది కన్నెత్తి చూడదు, చూడలేదని చెప్పదు కూడా. అందుకే ఫైలు పైనున్న యూజింగ్ లైన్లలో ఏ లైబ్రరీ పేరుందో ముందు చూడమన్నది.

పాత ప్రాజెక్టు ఒకదాన్ని న్యూటన్‌సాఫ్ట్ నుంచి మార్చినప్పుడు మా బృందానికీ ఇదే ఎదురైంది. రెండు ప్యాకేజీలూ ప్రాజెక్టులో ఉండటంతో కంపైలర్ కిక్కురుమనలేదు. ఐడీ, స్టేటస్ వంటి ఒకే పదం పేర్లకు విలువలు చక్కగా వచ్చేవి, అండర్‌స్కోర్ ఉన్నవే ఖాళీ. మీ దగ్గరా ఇదే తీరు కనిపిస్తే ఆట్రిబ్యూట్‌ను ఎవరూ చదవడం లేదనే అర్థం.

అసలు ఏ విలువా రాకపోతే అది వేరే జబ్బు. న్యూటన్‌సాఫ్ట్ పెద్ద అక్షరం, చిన్న అక్షరం తేడాను పట్టించుకోదు. సిస్టమ్.టెక్స్ట్.జేసన్‌ను నేరుగా పిలిస్తే పట్టించుకుంటుంది. ఏఎస్‌పీ డాట్‌నెట్ కోర్ కంట్రోలర్లు మాత్రం ‘వెబ్’ డిఫాల్ట్‌లు (ముందే అమర్చిన సెట్టింగులు) వాడతాయి, అక్కడ ఆ పట్టింపు ఉండదు. కంట్రోలర్‌లో పనిచేసిన క్లాసే బ్యాక్‌గ్రౌండ్ సర్వీసులో మొరాయించడానికి కారణం ఇదే.

ఫీల్డులు చాలా ఉంటే ప్రతిదానికీ ఆట్రిబ్యూట్ రాస్తూ కూర్చోకండి. డాట్‌నెట్ 8 నుంచి సిస్టమ్.టెక్స్ట్.జేసన్ నేమింగ్ పాలసీల్లో (పేర్లను మార్చే నియమాల్లో) ‘స్నేక్‌కేస్‌లోయర్’ ఉంది, అది పేర్లను చిన్న అక్షరాల్లోకి మార్చి పదాల మధ్య అండర్‌స్కోర్ పెడుతుంది. ఆ పాలసీ పెట్టిన ఆప్షన్స్ ఆబ్జెక్టును ఒక్కసారి తయారుచేసి స్టాటిక్‌గా ఉంచండి, పిలిచిన ప్రతిసారీ కొత్తది సృష్టిస్తే వేగం పడిపోతుంది. అంకెల దగ్గర కాస్త జాగ్రత్త: ‘అడ్రస్1’ను ఆ పాలసీ ‘అడ్రస్1’గానే ఉంచుతుంది. అవతలివారు ‘అడ్రస్_1’ పంపితే కలవదు. అలాంటి ఒకటి రెండింటికి ఆట్రిబ్యూట్ పెట్టండి. రెండూ ఉన్నచోట ఆట్రిబ్యూట్ మాటే చెల్లుతుంది.

కొందరు క్లాసులోనే అండర్‌స్కోర్ పేర్లు పెట్టేస్తారు. పని జరుగుతుంది, కాదనను. కానీ ఎవరో పెట్టిన పేర్లను మన కోడంతా మోసుకు తిరగడం నాకు నచ్చదు.

నన్నడిగితే పేరు కలపడం కంటే, కలవనప్పుడు అరిచేలా చేయడం ముఖ్యం. తప్పనిసరి ఫీల్డులకు ‘జేసన్‌రిక్వైర్డ్’ పెడితే అవి లేనప్పుడు ఎక్సెప్షన్ వస్తుంది. ఇది డాట్‌నెట్ 7 నుంచి ఉంది. క్లాసులో లేని ఫీల్డు జేసన్‌లో కనిపించినా ఆపేయాలంటే ‘అన్‌మ్యాప్డ్‌మెంబర్‌హ్యాండ్లింగ్’ను ‘డిస్‌అలౌ’ చేయవచ్చు. దీన్ని నేను టెస్టుల్లోనే వాడతాను. ప్రొడక్షన్‌లో పెడితే, అవతలివారు చెప్పకుండా ఒక కొత్త ఫీల్డు చేర్చిన రోజున మన సర్వీసు కూలబడుతుంది.

ఇవన్నీ సరిచేశాక కూడా ఏదో ఒక్క ప్రాపర్టీయే ఖాళీగా మిగిలితే, దాని సెట్టర్ (విలువను నింపే భాగం) ప్రైవేటుగా ఉందేమో చూడండి. అప్పుడు ‘జేసన్‌ఇన్‌క్లూడ్’ కూడా చేర్చాలి.