ఫుల్‌స్టాప్ ఉద్ధరణ చిహ్నానికి లోపలా, బయటా?

సందేహం: గురువుగారికి నమస్కారం. నేను ఇంగ్లీషు వ్యాసాలనూ తెలుగు వ్యాసాలనూ అచ్చుకు ముందు సరిచూసే పనిలో ఉన్నాను. ఇంగ్లీషు పుస్తకాల్లో కొన్నింట ఫుల్‌స్టాప్, కామాలు ముగింపు ఉద్ధరణ చిహ్నానికి లోపల, మరికొన్నింట బయట కనిపిస్తున్నాయి. ప్రశ్నార్థకమైతే ఒకే పుస్తకంలో ఒకచోట లోపల, ఇంకొకచోట బయట ఉంటోంది. వీటిలో ఏది సరైనది? తెలుగులో “నేను రేపు వస్తాను.” అని రాసేటప్పుడు ఆ ఫుల్‌స్టాప్ ఉండాలా, తీసివేయాలా? తెలుగుకు ఇంగ్లీషు పద్ధతుల్లో దేనిని పాటించాలి?

సమాధానం: మీరు చూసిన రెండు పద్ధతులూ సరైనవే. ఒకటి అమెరికాలో స్థిరపడినది, రెండవది బ్రిటన్‌లో స్థిరపడినది. ఒకే రచనలో రెండింటినీ కలిపివేయడమే తప్పు. అయితే ఈ భేదం చాలామంది అనుకునేటంత పెద్దది కాదు. ఫుల్‌స్టాప్, కామా అనే రెండు గుర్తుల విషయంలోనే ఆ రెండు దేశాల వారికీ పేచీ ఉంది. మిగిలిన గుర్తుల విషయంలో ఇద్దరి మాటా దాదాపు ఒకటే.

అమెరికా పద్ధతిలో ఫుల్‌స్టాపూ కామా ముగింపు చిహ్నానికి లోపలే ఉంటాయి. ఉద్ధరించినది పూర్తి వాక్యమా, ఒక్క మాటేనా అన్న విచారణ అక్కడ లేదు. ‘అతడు దానిని అన్యాయం అన్నాడు’ అనే అర్థం వచ్చే ఇంగ్లీషు వాక్యాన్ని ఆ పద్ధతిలో ఇలా రాస్తారు:

హి కాల్డ్ ఇట్ “అన్‌ఫెయిర్.”

ఇక్కడ ఫుల్‌స్టాప్ అతడు పలికిన ఒక్క మాటకు చెందినది కాదు, రచయిత వాక్యానికి చెందినది. అయినా దానిని లోపలే ఉంచుతారు. దీనికి కారణంగా తరచు వినిపించేది ముద్రాపకుల మాట: పెద్దగా ఉన్న ఉద్ధరణ చిహ్నం దాటిన తరువాత చిన్న చుక్క ఒంటరిగా నిలబడితే పంక్తి చివర ఖాళీగా కనిపిస్తుందని, లోపల ఉంచితే అచ్చు కుదురుగా ఉంటుందని వారు చెబుతారు. అంటే ఇది కంటికి సంబంధించిన నియమమే గాని అర్థానికి సంబంధించినది కాదు. 1906లో మొదటిసారి వెలువడిన చికాగో మాన్యువల్ ఆఫ్ స్టైల్ నుంచి నేటి విద్యాసంస్థల శైలి పుస్తకాల వరకు అమెరికాలో ఎక్కువమంది అనుసరించేది ఈ నియమాన్నే.

బ్రిటిష్ పద్ధతి అర్థాన్ని చూస్తుంది. ఆ గుర్తు ఉద్ధరించిన మాటల్లో భాగమైతే లోపల, రచయిత సొంత వాక్యంలో భాగమైతే బయట ఉంటుంది. పైగా బ్రిటిష్ పుస్తకాల్లో మొదట ఒంటి చిహ్నాలు వాడి, ఉద్ధరణలో మరొక ఉద్ధరణ వస్తే జంట చిహ్నాలు వాడటం పరిపాటి. అమెరికాలో ఈ వరస తలకిందులుగా ఉంటుంది. కాబట్టి పై వాక్యమే బ్రిటన్‌లో ఇలా మారుతుంది:

హి కాల్డ్ ఇట్ ‘అన్‌ఫెయిర్’.

చిత్రమేమిటంటే, చికాగో వారి పుస్తకం వచ్చిన ఆ 1906లోనే ఇంగ్లండులో ఫౌలర్ సోదరులు ఇంగ్లీషు వాడుక గురించి రాసిన ద కింగ్స్ ఇంగ్లీష్ అనే పుస్తకంలో, గుర్తుల స్థానాన్ని అర్థమే నిర్ణయించాలని వాదించారు. ఆక్స్‌ఫర్డ్ ముద్రణాలయం కోసం హోరేస్ హార్ట్ 1893లో కూర్చిన నియమావళి సంప్రదాయం కూడా అర్థం వైపే మొగ్గింది. తర్కాన్ని పట్టుకుని చూస్తే బ్రిటిష్ వారి వైపే న్యాయం ఉందని నా అభిప్రాయం. కాని, అమెరికా పత్రికకు రాసే మనిషి ఈ తర్కాన్ని నమ్ముకుని ఫుల్‌స్టాప్‌ను బయట పెడితే, ఆ పత్రిక సంపాదకుడు దానిని లోపలికి లాగక మానడు.

బ్రిటిష్ పద్ధతిని ‘ఎప్పుడూ బయటే’ అని గుర్తుపెట్టుకునేవారు పొరపడేది సంభాషణల దగ్గర. ‘నేను సిద్ధం’ అని ఆమె అన్నది అనే అర్థంలో

‘ఐ యామ్ రెడీ,’ షి సెడ్.

అని రాసినప్పుడు బ్రిటిష్ నవలల్లోనూ కామా లోపలే ఉంటుంది. ఆమె పలికిన వాక్యం అక్కడ పూర్తయింది, దాని చివర ఉండవలసిన ఫుల్‌స్టాప్‌కు బదులుగా ఆ కామా నిలిచింది కనుక అది ఆమె మాటల్లో భాగమే. అలాగే షి సెడ్, ‘ఐ యామ్ రెడీ.’ అన్నప్పుడు ఉద్ధరించినది పూర్తి వాక్యమే కనుక ఫుల్‌స్టాప్ లోపల ఉంటుంది. ఒకరి మాటను మధ్యలో విరిచి, ‘షి సెడ్’ వంటి పదాలను చొప్పించినప్పుడు మాత్రం సూక్ష్మ భేదం వస్తుంది. విరిచిన చోట అసలు మాటలో కామా ఉండే అవకాశం లేకపోతే, కచ్చితమైన బ్రిటిష్ పద్ధతి కామాను బయట పెట్టమంటుంది. అమెరికాలో అక్కడ కూడా లోపలే. నవలలు అచ్చు వేసే బ్రిటిష్ ప్రచురణకర్తల్లో చాలామంది ఈ ఒక్క చోట అంత పట్టుదల చూపడం లేదు.

ఇక ప్రశ్నార్థకం, ఆశ్చర్యార్థకం. ఇవి మీకు రెండు చోట్లా కనిపించడానికి కారణం పొరపాటు కాదు. ఈ రెండింటి విషయంలో అమెరికా వారు కూడా అర్థాన్నే చూస్తారు. ఈ రెండు వాక్యాలను పోల్చి చూడండి:

షి ఆస్క్‌డ్, “ఆర్ యు రెడీ?”
డిడ్ షి సే, “ఐ యామ్ రెడీ”?

మొదటి వాక్యంలో అడిగింది ఆమె, ప్రశ్న ఆమెది, కనుక గుర్తు లోపల ఉంది. రెండవ వాక్యంలో ఆమె చెప్పింది మామూలు మాట, అడుగుతున్నది రచయిత, కనుక గుర్తు బయట ఉంది. రెండవదానిలో ఆమె మాట చివర ఉండవలసిన ఫుల్‌స్టాప్ జాడ లేకుండా పోయింది. మొదటిదానిలో రచయిత వాక్యానికి రావలసిన ఫుల్‌స్టాప్ పోయింది. ఇంగ్లీషులో వాక్యం చివర ఇలా రెండు గుర్తులు ఎదురుపడినప్పుడు బలమైనది నిలుస్తుంది, బలహీనమైనది తప్పుకుంటుంది. రచయితా ప్రశ్నిస్తూ, ఉద్ధరించిన మాటా ప్రశ్నే అయినప్పుడు కూడా ఒక్క ప్రశ్నార్థకమే పెడతారు. చిహ్నానికి ఇటొకటి అటొకటి పెట్టడం ఇంగ్లీషులో చెల్లదు.

సెమికోలన్, కోలన్‌ల గురించి ఎక్కువగా చెప్పవలసినది లేదు. అవి రెండు దేశాల్లోనూ బయటే ఉంటాయి. ఉద్ధరించిన భాగం మూలంలో సెమికోలన్‌తో ముగిసి ఉంటే దానిని వదిలివేస్తారు.

అమెరికా నియమం వల్ల నిజంగా ఇబ్బంది వచ్చేది కంప్యూటర్ రచనల్లో. పాస్‌వర్డ్‌గా ఫలానా అక్షరాలు టైపు చేయండి అని రాసి, ఆ అక్షరాల తరువాత చిహ్నం లోపల ఫుల్‌స్టాప్ పెడితే, చదివేవాడు ఆ చుక్కను కూడా టైపు చేస్తాడు. ఒక్క చుక్క తేడాతో ఆదేశం పనిచేయని చోట కంటికి కనిపించే కుదురు అక్కరకు రాదు. అందుకే ఇటువంటి రచనల్లో అమెరికా వారు కూడా గుర్తును బయట పెట్టడం చూస్తాం. పదాల రూపాలనూ అర్థాలనూ అక్షరం పొల్లుపోకుండా చూపవలసిన భాషాశాస్త్రంలోనూ ఇదే అవసరం ఉంది. 1924లో ఏర్పడిన అమెరికా భాషాశాస్త్ర సంఘం తన పత్రికలో, ఉద్ధరించిన దానిలో భాగం కాని గుర్తు ఏదైనా సరే చిహ్నం దాటాకే రావాలనే పద్ధతిని పాటిస్తుంది. ఇంగ్లీషు వికీపీడియా కూడా, వ్యాసం ఏ దేశపు ఇంగ్లీషులో ఉన్నా, ఈ తర్కబద్ధమైన పద్ధతినే ఎంచుకుంది.

మీరు పరిశోధన వ్యాసాలు కూడా చూస్తారనుకుంటాను కనుక ఒక మాట. ఉద్ధరణ తరువాత కుండలీకరణాల్లో పుటసంఖ్య ఇచ్చే వ్యాసాల్లో అమెరికా నియమం కూడా సడలుతుంది. ఉద్ధరణ చిహ్నం మూసి, పుటసంఖ్య ఇచ్చి, ఆ కుండలీకరణం మూసిన తరువాతే ఫుల్‌స్టాప్ పెడతారు. ఉద్ధరణ ప్రశ్నతో ముగిస్తే ప్రశ్నార్థకం లోపల అలాగే ఉంటుంది, పుటసంఖ్య దాటాక ఫుల్‌స్టాప్ మళ్ళీ వస్తుంది. ఉద్ధరణ అనేక పేరాలుగా సాగితే ప్రతి పేరా మొదట ప్రారంభ చిహ్నం పెట్టి, ముగింపు చిహ్నాన్ని మాత్రం చివరి పేరా చివరనే పెడతారు. మధ్య పేరాల్లో ముగింపు చిహ్నం లేకపోవడం చూసి అచ్చుతప్పుగా భావించి మీరు చేర్చకండి.

ఇప్పుడు తెలుగు సంగతి. ఇంగ్లీషులో ఈ తగవంతా పుట్టడానికి మూలం, ఉద్ధరణ ముగిసే చోటే తరచుగా వాక్యమూ ముగియడం. తెలుగులో క్రియ చివర వస్తుంది, దానికి ముందు ‘అని’ వస్తుంది. ఉద్ధరణ ముగింపుకూ వాక్యం ముగింపుకూ మధ్య సాధారణంగా ఎడం ఉంటుంది కనుక రెండు గుర్తులు ఎదురుపడే సందర్భాలు అరుదు. అందువల్ల అమెరికా పద్ధతినో బ్రిటిష్ పద్ధతినో యథాతథంగా తెచ్చి పెట్టుకోవలసిన అవసరం మనకు లేదు. ఉద్ధరణ చిహ్నాలు అచ్చుతో పాటు మన రాతలోకి వచ్చినవే. అంతకుముందు కావ్యాల్లో వచనం చివర ‘ఇట్లనియె’ అనగానే పాత్ర మాట మొదలైందనీ, ‘అని’, ‘అనిన విని’ వంటివి రాగానే అది ముగిసిందనీ చదువరికి తెలిసిపోయేది. ఆ పని ‘అని’ ఇప్పటికీ చేస్తూనే ఉంది.

“నేను రేపు వస్తాను” అని రవి చెప్పాడు.

మీరు అడిగిన ఫుల్‌స్టాప్‌ను ఇక్కడ తీసివేయడమే మంచిది. రవి మాట పూర్తయిందని ముగింపు చిహ్నమూ ‘అని’ చెప్పనే చెబుతున్నాయి. మధ్యలో ఫుల్‌స్టాప్ పెడితే వాక్యం అక్కడ ఆగి మళ్ళీ మొదలైనట్లు ఉంటుంది. రవి రెండు మూడు వాక్యాలు చెప్పి ఉంటే వాటి మధ్య ఫుల్‌స్టాపులు ఉంచి, చివరిదానిని మాత్రం తీసివేయండి. ప్రశ్నార్థకాన్నీ ఆశ్చర్యార్థకాన్నీ మాత్రం తీసివేయకూడదు, ఎందుకంటే అవి మాట తీరును చెప్పే గుర్తులు. పైగా ఇంగ్లీషులో చెల్లని జంట ప్రశ్నార్థకాలు తెలుగులో ఇబ్బంది లేకుండా చెల్లుతాయి:

“నువ్వు రేపు వస్తావా?” అని రవి అడిగాడా?

మొదటి ప్రశ్న రవిది, రెండవది మనది. దేని చోటు దానికి ఉంది. ‘రవి అడిగాడు’ అని ముగిసే వాక్యానికి కూడా చివర ప్రశ్నార్థకం పెట్టడం ఈ మధ్య తరచు కనిపిస్తోంది. ఆ వాక్యం ఎవరినీ ఏమీ అడగడం లేదు కనుక అది తప్పు.

క్రియను ముందుకు తెచ్చి, ‘అని’ వదిలివేసి, “వస్తాను,” అంది సీత అని కథల్లో రాస్తుంటారు. ఆ కామా ఇంగ్లీషు నుంచి వచ్చినది. ఉన్నా తప్పు లేదు గాని, అది లేనందువల్ల అర్థం చెడదు. నేనైతే పెట్టను. ‘రవి ఇలా అన్నాడు’ అని కోలన్ పెట్టి, ఆ తరువాత ఉద్ధరణతోనే వాక్యం ముగిస్తే మాత్రం మన వాక్యమూ ఇంగ్లీషు వాక్యం పరిస్థితిలోనే పడుతుంది. అప్పుడు బ్రిటిష్ వారి లాగా అర్థాన్ని చూడాలి. ఉద్ధరించినది పూర్తి వాక్యమైతే ఫుల్‌స్టాప్ లోపల, ఒక మాటో పదబంధమో అయితే బయట పెట్టండి.

సరిచూసేవారు ఎక్కువ జాగ్రత్త పడవలసిన చోటు ఇంకొకటి ఉంది. ‘నేను రేపు వస్తానని రవి చెప్పాడు’ అని చిహ్నాలు లేకుండా రాస్తే రెండు అర్థాలు వస్తాయి. వచ్చేది రవి కావచ్చు, ఈ వాక్యం రాస్తున్న మనిషీ కావచ్చు. రవి మాటలను ఉద్ధరణ చిహ్నాల్లో ఉంచితే వచ్చేది రవి అని తేలిపోతుంది. ‘తాను రేపు వస్తానని రవి చెప్పాడు’ అంటే చిహ్నాల అవసరమే లేదు, పెట్టకూడదు కూడా, ఎందుకంటే రవి నోటి నుంచి వచ్చిన మాట ‘తాను’ కాదు. చిహ్నాలు పెట్టినప్పుడు సంధిని విడదీయాలి. ‘వస్తానని’ అన్న రూపంలో రవి మాట ఎక్కడ ముగిసిందో చూపడానికి చోటు లేదు. అక్షరం మధ్యలో చిహ్నం ఇరికించి “వస్తాన”ని అని రాసిన వాక్యాలు మీ చేతికి వస్తే, ‘అని’ని బయట ఉంచి “వస్తాను” అని విడదీసి రాయండి, లేదా చిహ్నాలు తీసివేసి ‘తాను’ చేర్చండి. విభక్తి ప్రత్యయాలకు ఈ చిక్కు లేదు. ‘అన్యాయం’ అన్న పదాన్ని ఉద్ధరించి దానికి ‘తో’ చేర్చవలసి వస్తే, ముగింపు చిహ్నం దాటిన వెంటనే, ఖాళీ విడవకుండా, కామా పెట్టకుండా “అన్యాయం”తో అని కలిపి రాస్తే సరిపోతుంది.