ఊప్స్, ఔచ్, అలాస్: అన్నిటికీ ‘అయ్యో’యేనా?

సందేహం: ఇంగ్లీషు కథలు తెలుగు చేస్తుంటాను. ఊప్స్, ఔచ్, అలాస్ – మూడింటికీ నాకు ‘అయ్యో’ ఒక్కటే తోస్తోంది. అలా రాస్తే తప్పా?

సమాధానం: తప్పని అనను గానీ, చాలాచోట్ల భావం జారిపోతుంది. మన ‘అయ్యో’ చాలా పనులు చేస్తుంది. పాలు పొంగినా అయ్యో, పక్కింటివారికి కష్టమొచ్చినా అయ్యో. ఎవరైనా క్షమించమంటే ‘అయ్యో, ఎంత మాటండీ’ అని మర్యాదకూ అదే. 2016లో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు కూడా దాన్ని చేర్చుకుంది. ఇంగ్లీషులో ఈ పనులు వేర్వేరు మాటలు చేస్తాయి. అందుకని దెబ్బ ఎవరికి తగిలింది, తప్పు ఎవరిది అన్నది ముందు చూసుకోండి.

ఊప్స్ చిన్న పొరపాటుకు, అదీ ఎక్కువగా తన పొరపాటుకు. మెసేజ్ ఒకరికి బదులు మరొకరికి వెళ్ళిపోతే ఊప్స్ అంటారు. పెద్ద నష్టం జరిగినచోట అంటే నిర్లక్ష్యంగా వినిపిస్తుంది. తెలుగులో ‘అరెరే’ దీనికి దగ్గర. ఔచ్ ఒంటినొప్పి మాట, ‘అబ్బా’, ‘అమ్మా’ చాలు.

అలాస్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. పాత ఫ్రెంచి నుంచి వచ్చిన మాట ఇది. అందులోని ‘లాస్’కు మూలం ‘అలసిన’ అనే అర్థమున్న లాటిన్ పదం. ఇప్పుడు ఇంగ్లీషువారి మాటల్లో ఇది దాదాపు వినపడదు. పాత కావ్యాల్లోనో, కొంచెం నాటకీయంగా రాసినచోటో కనిపిస్తుంది. మన బడి వ్యాకరణాలు మాత్రం ‘అలాస్! హీ ఈజ్ డెడ్’ అనే ఉదాహరణతో పిల్లలకు దాన్ని చావు మాటగా నేర్పాయి. దాంతో నిజంగా ఎవరైనా పోయినప్పుడు సంతాప సందేశంలో అలాస్ అని రాసేవారున్నారు. అది చదివిన ఇంగ్లీషువారికి నాటకం డైలాగులా అనిపిస్తుంది. అక్కడ ‘ఐ యామ్ సో సారీ’ అనడమే మనసుకు తగులుతుంది. అలాస్‌ను తెలుగు చేసేటప్పుడు, పాత కావ్యమైతే ‘అకటా’, ‘హా’ బాగుంటాయి. నేటి వ్యాసంలోదైతే ‘పాపం’, ‘ఏం చేస్తాం’ అని వాక్యంలో కలిపేయండి.

మీరు అడగకపోయినా ఇంకొకటి. మన ‘ప్చ్’, వాళ్ళ టట్-టట్ నోటితో చేసే శబ్దంగా దాదాపు ఒకటే. కానీ మనది ఎక్కువగా నిరాశకో, జాలికో. వాళ్ళది ఎక్కువగా మందలింపుకు. కథలో టీచరు పిల్లవాణ్ణి చూసి టట్-టట్ అంటే ‘ప్చ్’ రాయకండి, ఆవిడ జాలిపడిందనుకుంటారు. ‘ఏంట్రా ఇది?’ అని రాయండి.