రేషన్ షాపు దగ్గర కళ్లు తిరిగి పడిపోయాను.. ఇది ఫిట్సేనా?

ప్రశ్న: నాకు 52 ఏళ్లు. ఖమ్మంలో ఉంటాం. నాలుగేళ్లుగా బీపీ ఉంది. ఈమధ్యే పాత మాత్ర మార్చి, మూత్రం ఎక్కువగా వచ్చే మందు కలిసిన మాత్ర ఇచ్చారు. షుగర్ లేదు. పోయిన శనివారం ఉపవాసం ఉండి, టీ మాత్రం తాగి రేషన్ షాపుకు వెళ్లాను. ఎండలో చాలాసేపు లైన్‌లో నిలబడ్డాక చెమటలు పట్టి, చెవుల్లో హోరు మొదలై, కళ్లు బైర్లు కమ్మాయి. పడిపోయాక చేతులు రెండు మూడుసార్లు కొట్టుకున్నాయట. చేతిలో తాళాలు పెట్టారు. వెంటనే తెలివి వచ్చి నా సంచీ ఏదని అడిగాను. లేపి కుర్చీలో కూర్చోబెడితే మళ్లీ పడిపోయాను. చీర కూడా తడిసింది. అందరూ ఫిట్స్ అంటున్నారు. బ్రెయిన్ స్కాన్ చేయించుకోవాలా?
- ఒక పాఠకురాలు

జవాబు: మీరు రాసినదాన్నిబట్టి ఇది ఫిట్స్‌లా లేదు, బీపీ పడిపోవడం వల్ల వచ్చిన సొమ్మలా ఉంది. పడిపోయే ముందు చెమట, హోరు, చీకట్లు మీకు గుర్తున్నాయి. లేవగానే సంచీ అడిగారు. నాకు స్కాన్ కన్నా ఈ వివరాలే ఎక్కువ పనికొస్తాయి.

మనం నిలబడగానే అర లీటరుకు పైగా రక్తం కాళ్లలోకి, పొట్టలోకి దిగుతుంది. మామూలుగా రక్తనాళాలు బిగుసుకుని, గుండె వేగం కాస్త పెరిగి బీపీని నిలబెడతాయి. మీకు ఆరోజు ఖాళీ కడుపు, ఎండ, కదలకుండా నిలబడటం, వీటికి తోడు ఒంట్లోని నీటిని, ఉప్పును బయటికి పంపే మాత్ర. అన్నీ ఒకేసారి కలిశాయి. మెదడుకు ఆరేడు సెకన్లు రక్తం అందకపోతే చాలు, స్పృహ పోతుంది. ఆ సమయంలో చేతులు నాలుగైదుసార్లు కొట్టుకోవడం మామూలే. ఫిట్స్‌లో అయితే కొట్టుకోవడం సాధారణంగా నిమిషం, అంతకుమించి ఉంటుంది. నాలుక పక్క భాగం తెగవచ్చు. తెలివి వచ్చాక కూడా చాలాసేపు అయోమయంగా ఉంటారు. మూత్రం పోవడం రెండింటిలోనూ జరగవచ్చు. దాన్నిబట్టి ఏదీ తేల్చలేం, మీరు సిగ్గుపడాల్సిందీ లేదు.

తాళాల సంగతికి వస్తే, అవి పెట్టకపోయినా మీకు తెలివి వచ్చేది. పేరు మాత్రం తాళాలకు వచ్చింది! అసలు పొరపాటు కుర్చీ. మెదడుకు రక్తం అందాలంటే మనిషి పడుకునే ఉండాలి. వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్లు అడుగు ఎత్తు లేపి, చుట్టూ మూగినవాళ్లను పక్కకు పంపితే చాలు. పూర్తిగా తెలివి రాకముందు నోట్లో నీళ్లు, సోడా పోయకూడదు. పది పదిహేను నిమిషాలు పడుకున్నాకే మెల్లగా లేవాలి. ఒకటి రెండు నిమిషాల్లో తెలివి రాకపోతే పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి. ఊపిరి లేకపోతే వెంటనే సీపీఆర్ (ఛాతీ మధ్యలో రెండు చేతులతో గట్టిగా, వేగంగా నొక్కడం) మొదలుపెట్టాలి.

పడినప్పుడు తలకు గట్టి దెబ్బ తగిలి, తలనొప్పి, వాంతులు ఉంటే తప్ప ఇప్పుడు స్కాన్ అక్కర్లేదు. ఈసీజీ మాత్రం తప్పనిసరి. ఐదు నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి, నిలబడ్డాక ఒక నిమిషానికి, మూడో నిమిషానికి మళ్లీ బీపీ చూడమనండి. పై అంకె 20, లేదా కింది అంకె 10 తగ్గితే మాత్ర గురించి ఆలోచించాల్సిందే. హిమోగ్లోబిన్‌తో పాటు సోడియం, పొటాషియం కూడా చూపించుకోండి. ఈ రకం మాత్రలతో ఆ రెండూ తగ్గే అవకాశం ఉంది. అలాగని మాత్ర మీరే ఆపేయకండి. మార్చాలో, డోసు తగ్గించాలో మీ డాక్టరే చెప్పాలి.

ముందు ఏ సూచనా లేకుండా పడిపోవడం, నడుస్తూనో మెట్లెక్కుతూనో పడిపోవడం, పడుకుని ఉండగానే స్పృహ తప్పడం, ముందు గుండె దడ లేదా ఛాతీనొప్పి రావడం, ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా చనిపోయి ఉండటం: వీటిలో ఏది ఉన్నా లెక్క మారిపోతుంది. అప్పుడు అనుమానం గుండె మీదే. అదేరోజు ఆసుపత్రికి వెళ్లాలి.

మళ్లీ అలా అనిపిస్తే ఎవరేమనుకుంటారోనని చూడకుండా అక్కడే నేలమీద పడుకోండి. అంత చోటు లేకపోతే కాళ్లు అడ్డంగా మెలివేసి తొడలు బిగించండి, పిడికిళ్లు గట్టిగా పట్టండి. పడిపోకుండా కాస్త సమయం దొరుకుతుంది. ఉపవాసం రోజు కూడా మజ్జిగ, నీళ్లు మానకండి. స్కూటీ నడిపే అలవాటుంటే ఈసీజీ చూసి డాక్టర్ సరేననేదాకా దాని జోలికి వెళ్లొద్దు.