3000కి ఇవతల ఆగినవాళ్ళు

చిరంజీవి తమ్ముడికి,

నీ వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. అమెరికాలో కూపర్స్‌టౌన్‌లో ఉన్న బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ (మేటి ఆటగాళ్ళకి చోటిచ్చే మందిరం) గురించి తెలుగులో ఇంత పొడుగు వ్యాసం రాయడానికి పూనుకున్నావంటేనే నాకెంతో సంతోషం వేసింది. నీ వాక్యం బాగుంది. ఆట మీద నీకున్న ఇష్టం కూడా ప్రతి పేజీలో తెలుస్తోంది. నా పేచీ అల్లా నువ్వు గీసిన గీతతోనే. "బ్యాటర్‌కి 3000 హిట్లో 500 హోమ్‌రన్లో, పిచర్‌కి 300 గెలుపులో ఉండాలి, లేనివాడికి చోటు లేదు" అని మొదటి పేజీలోనే తీర్పు చెప్పేశావు. (హిట్ అంటే బంతిని కొట్టి బేస్ చేరడం, హోమ్‌రన్ అంటే మైదానం దాటించే దెబ్బ, పిచర్ అంటే బంతి విసిరేవాడు.) ఆ తర్వాతంతా ఎవరు గీత దాటారు, ఎవరు దాటలేదు అన్న పట్టికే. పట్టిక వెయ్యడానికి రచయిత ఎందుకు చెప్పు?

చివర సున్నాలున్న అంకె అంటే మనకి చిన్నప్పటినుంచీ మోజు. క్రికెట్‌లో 99 దగ్గర అవుటైనవాడి గురించి వారం రోజులు బాధపడతాం. ఆ ఒక్క పరుగుతో ఆటగాడు మారిపోడని మనకీ తెలుసు. ఫ్రెడ్ మెగ్రిఫ్ సంగతి చూడు. 493 హోమ్‌రన్లు కొట్టాడు, 500కి ఏడు తక్కువ. 1994లో అట్లాంటా బ్రేవ్స్‌కి ఆడుతూ 113 ఆటల్లో 34 కొట్టాడు. ఆగస్టు 12న ఆటగాళ్ళ సమ్మె మొదలైంది. ఇంకా దాదాపు యాభై ఆటలుండగా ఆ సీజన్ అక్కడే ఆగిపోయింది, వరల్డ్ సిరీస్ కూడా జరగలేదు. ఆ ఏడు హోమ్‌రన్లు సమ్మెలో కలిసిపోయాయని ఎవరికైనా అర్థమవుతుంది. అయినా హాల్‌లోకి ఎవరు రావాలో ఓటేసే పత్రికా రచయితల బ్యాలెట్ మీద పదేళ్ళున్నా అతనికి 39.8 శాతం మించి ఓట్లు రాలేదు. కావలసింది 75. చివరికి 2022 డిసెంబర్‌లో హాల్ వాళ్ళ ప్రత్యేక కమిటీ ముందుకు పేరు వెళితే పదహారు మందికి పదహారు మందీ ఓటేశారు. నీ పట్టికలో అతని పేరు పక్కన "అర్హత లేదు" అని ఉంది. ఆ రెండు మాటలు రాసేముందు 1994 ఆగస్టు గురించి ఒక్క వాక్యమైనా రాయాల్సింది.

టిమ్ రెయిన్స్‌ని కూడా నువ్వు అలాగే తోసేశావు. అది నన్ను ఎక్కువ కలుక్కుమనిపించింది, ఎందుకంటే అదే తప్పు నేనూ చేశాను. 2008లో అతని పేరు మొదటిసారి బ్యాలెట్ మీదికి వచ్చినప్పుడు ఒక వ్యాసంలో "హిట్లు 2605, 3000 లేవు" అని ఒక్క ముక్కలో తేల్చేశాను. అంతకు ముందు ఏడాదే టోనీ గ్విన్ 97.6 శాతం ఓట్లతో లోపలికి వెళ్ళాడు. అతనికి 3141 హిట్లు. ఇంకేం, లెక్క సరిపోయిందనుకున్నాను.

కొన్నాళ్ళకి ఒక రాత్రి వంటింటి బల్ల దగ్గర కాగితం పెట్టుకుని ఇద్దరి అంకెలూ పక్కపక్కన రాశాను. హిట్లు ఒక్కటే కాకుండా, బ్యాటర్ ఏ రకంగా మొదటి బేస్ చేరినా కూడుదామనుకున్నాను. గ్విన్‌కి 3141 హిట్లు, 790 వాక్‌లు (కొట్టే పరిధి తప్పిన నాలుగు బంతుల్ని వదిలేస్తే దక్కే మొదటి బేస్), బంతి ఒంటికి తగిలి బేస్ చేరింది 24 సార్లు. మొత్తం 3955. రెయిన్స్‌కి 2605 హిట్లు, 1330 వాక్‌లు, బంతి తగిలింది 42 సార్లు. మొత్తం 3977. తప్పు కూడానేమోనని మళ్ళీ కూడాను. అదే వచ్చింది. ఇద్దరూ బ్యాట్ పట్టుకుని నిలబడ్డది పదివేల పైచిలుకు సార్లే. నేను కొట్టిపారేసినవాడు, నేను నెత్తిన పెట్టుకున్నవాడికంటే 22 సార్లు ఎక్కువే బేస్ చేరాడు. ఆ పైన 808 బేస్‌లు దొంగిలించాడు, అంటే ఎవరూ బంతిని కొట్టకుండానే తర్వాతి బేస్‌కి పరిగెత్తి చేరాడు, దొరికిపోయింది 146 సార్లే. రచయితలు అతన్ని 2017లో, పదో ఏట, ఆఖరి అవకాశంలో ఎన్నుకున్నారు. నా వ్యాసం మటుకు అచ్చులో అలాగే ఉండిపోయింది.

గ్విన్ గొప్పతనం దీనివల్ల రవ్వంత కూడా తగ్గదు. .338 సగటు, అంటే వెయ్యి ప్రయత్నాలకి 338 హిట్లు, మాటలా. నేను అడిగేది హిట్ల గడి ఏం లెక్కపెడుతుంది, ఏం వదిలేస్తుంది అన్న సంగతి. వాక్ వచ్చినప్పుడు మైదానంలో ఏం జరుగుతుందో ఈసారి దగ్గరగా చూడు. పిచర్ మోకాళ్ళ కిందికి బంతి ముంచేస్తాడు, బ్యాటర్ భుజం కదిలీ ఆగిపోతుంది. అలా పరిధి తప్పిన నాలుగో బంతి పడగానే బ్యాట్ పక్కన పడేసి మెల్లగా మొదటి బేస్‌కి వెళతాడు. జనం చప్పట్లు కూడా అంతంతమాత్రమే. స్కోరు కాగితంలో హిట్ పడదు, అది 'ఎట్ బ్యాట్' (సగటుకి లెక్కించే ప్రయత్నం) కింద కూడా రాదు. టెస్ట్ క్రికెట్‌లో ఆఫ్ స్టంప్ అవతలి బంతిని వదిలేసే ఓపెనర్‌ని మనవాళ్ళు ఎంత మెచ్చుకుంటారో నీకు తెలుసు. ఇక్కడ అలా వదిలేసినవాడికి ఏకంగా బేస్ దక్కుతుంది. నువ్వేమో వాక్‌ని "ఉచితంగా దొరికిన బేస్" అని రాశావు. 'ఉచితంగా' అన్న మాట కొట్టెయ్. నడక అని తెలుగు చెయ్యాలనీ చూడకు, వాక్ అనే ఉంచు.

పిచర్ల విషయం నీకే తెలుసు, ఎక్కువ చెప్పను. 2018లో జేకబ్ డిగ్రామ్ ఈఆర్ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కి పిచర్ ఖాతాలో పడే పరుగుల సగటు) 1.70. గెలిచినవి పది, ఓడినవి తొమ్మిది. అతని జట్టు పరుగులు చెయ్యకపోతే అతనేం చేస్తాడు? ఆ ఏడాది మేటి పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు ఇచ్చి రచయితలు ఆ మాటే ఒప్పుకున్నారు. 2009లో రాండీ జాన్సన్ తర్వాత 300 గెలుపులు ఎవరికీ రాలేదు. ఇప్పుడు తొమ్మిదింటిలో ఐదారు ఇన్నింగ్స్‌కే పిచర్‌ని మార్చేస్తున్నారు. నీ గీత అలాగే ఉంచితే ఇకమీదట ఆట మొదలుపెట్టే పిచర్లకి తలుపు మూసేసినట్టే.

అలాగని 3000 తీసేసి 'వార్' (మామూలు బదులు ఆటగాడికంటే జట్టుకి ఎన్ని గెలుపులు ఎక్కువ తెచ్చాడన్న అంచనా) లెక్క 60 అని కొత్త గీత గియ్యకు. దాన్ని బేస్‌బాల్ రిఫరెన్స్ అనే సైట్ ఒక రకంగా కడుతుంది, ఫ్యాన్‌గ్రాఫ్స్ అనే సైట్ మరో రకంగా కడుతుంది. పిచర్ల దగ్గరికొస్తే ఒకరు ఇచ్చిన పరుగుల మీద మొదలుపెడతారు, ఇంకొకరు స్ట్రయికౌట్లు, వాక్‌లు, హోమ్‌రన్ల మీద. పాత రోజుల ఫీల్డింగ్ చాలావరకు అంచనా. అలాంటి లెక్కలో 61కీ 59కీ మధ్య గోడ కట్టకూడదు. ఇంకొకటి, హెరాల్డ్ బెయిన్స్‌ని తీసుకున్నారు కాబట్టి ఫలానావాణ్ణీ తీసుకోవాలని మూడుచోట్ల వాదించావు. లోపలున్నవాళ్ళలో అందరికంటే కిందున్నవాణ్ణి కొలతగా పెట్టుకుంటే రేపు నీ చేత్తో నువ్వే ఎవరినీ కాదనలేవు.

బ్యారీ బాండ్స్ గురించి నీ పేరా నాకు నచ్చలేదు. 762 హోమ్‌రన్లు ఉన్నాయి కాబట్టి మాట్లాడటానికేం లేదన్నావు. ఓటు నియమాల్లో ఆటతో పాటు నిజాయితీ, శీలం అన్న మాటలూ ఉన్నాయి. 2022లో ఆఖరి అవకాశంలో అతనికి 66 శాతమే వచ్చింది. నా మట్టుకు నేను అతన్ని తీసుకోమంటాను, నువ్వు వద్దనొచ్చు. ఏదైనా సరే, అతను స్టెరాయిడ్లు వాడాడన్న ఆరోపణ సంగతి నీ నోటితో నువ్వే చెప్పాలి. అంకెని ముందు నిలబెట్టి దాని వెనక దాక్కోకు.

నీ వ్యాసంలో జాష్ గిబ్సన్ పేరు ఎక్కడా లేకపోవడం నాకు కష్టంగా తోచింది. నల్లవాళ్ళని మేజర్ లీగ్‌లో ఆడనివ్వని రోజుల్లో నీగ్రో లీగ్స్‌లో ఆడాడు. ఆ అడ్డు తొలగించిన జాకీ రాబిన్సన్ మేజర్ లీగ్ మైదానంలో అడుగుపెట్టడానికి మూడు నెలల ముందు, 1947 జనవరిలో పోయాడు. 1972లో హాల్‌లోకి తీసుకున్నారు. అప్పటికి అతనికి అధికారిక లెక్కంటూ లేదు. చూసినవాళ్ళు చెప్పిన మాటే ఆధారం. కంచు పలక మీద దాదాపు 800 హోమ్‌రన్లు అని చెక్కారు. 2024లో మేజర్ లీగ్ నీగ్రో లీగ్స్ లెక్కల్ని తన పుస్తకంలో కలుపుకుంది. గిబ్సన్ సగటు .372గా తేలి, అప్పటిదాకా ముందున్న టై కాబ్‌ని దాటింది. అదే పుస్తకంలో అతని హోమ్‌రన్లు రెండొందలు కూడా లేవు. పలక అబద్ధం కాదు, పుస్తకమూ అబద్ధం కాదు. పుస్తకం లీగ్ ఆటల్నే, అందులోనూ స్కోరు కాగితం దొరికినవాటినే లెక్కపెట్టింది. ఊరూరా తిరిగి ఆడిన ఆటలు చాలావాటికి లెక్క రాసి దాచినవాళ్ళే లేరు. నీ గీతతో కొలిస్తే గిబ్సన్ గుమ్మం దగ్గరే ఆగిపోతాడు.

పట్టిక తీసెయ్. ఒక్క ఆటగాణ్ణి తీసుకో. అతని పేరు పక్కన ఏ అంకె రాసినా, దాని కిందే అది ఏం లెక్కపెట్టలేదో కూడా రాయి. బ్యాలెట్లు డిసెంబర్ 31లోగా పంపాలి, ఫలితం జనవరిలో వస్తుంది. ఆ లోపు నీ రెండో ప్రతి నాకు పంపు. నువ్వు ఎవర్ని ఎంచుకున్నావో ముందే ఒక ముక్క రాశావంటే, నేనూ అతని హిట్లూ వాక్‌లూ విడిగా కూడి ఉంచుతాను, నీ లెక్కతో సరిచూద్దాం.

ఆశీస్సులతో,
అన్నయ్య