తలకిందుల స్టాంపు చేతికొస్తే

చిరంజీవికి ఆశీస్సులు.

అచ్చుతప్పు స్టాంపు దొరికిందని రాశావు. ధర సంగతి తర్వాత. ముందు ఒక్క ప్రశ్న వేసుకో: అచ్చుయంత్రం ఈ తప్పు ఎలా చేసి ఉంటుంది? జవాబు దొరక్కపోతే, ఆ తప్పు ఎవరో చేత్తో చేసిందే.

భారతదేశపు 1854 నాటి నాలుగణాల స్టాంపునే తీసుకో. చట్రం ఎరుపు, విక్టోరియా రాణి తల నీలం. రెండు రంగులూ విడివిడిగా అచ్చయ్యాయి కనుక, రెండో విడతకు కాగితం తిరగబడితే తల కిందులైంది. అమెరికా వాళ్ళ 1918 నాటి 24 సెంట్ల విమానం స్టాంపుదీ ఇదే కథ. ఒక్క షీటు బయటపడింది, అంటే నూరు స్టాంపులు. అందుకే ఒకే రంగులో ఒకే విడత అచ్చైన స్టాంపులో బొమ్మ మాత్రమే తిరగబడిందంటే నమ్మకు. రంగు మారడానికి కారణం వేరు. 1861లో దక్షిణాఫ్రికాలోని కేప్ ఆఫ్ గుడ్ హోప్ వలస రాజ్యపు ముక్కోణపు స్టాంపులకు ఒక విలువ అచ్చుదిమ్మ ఇంకో విలువ స్టాంపులు అచ్చేసే ప్లేటులో చేరింది. పెన్నీది నీలంగా, నాలుగు పెన్నీలది ఎర్రగా పడ్డాయి.

ఇక పరీక్ష. వేళ్ళతో ముట్టుకోకు, పట్టకారు వాడు. పదింతలు చూపే భూతద్దంతో బొమ్మ చుట్టూ వెతుకు. గీకి మళ్ళీ అచ్చేసిన చోట కాగితం పోగులు లేస్తాయి, వెలుతురుకు పడితే పల్చగా కనిపిస్తుంది. ఒక రంగు పూర్తిగా లేదంటున్నావా? ఆ రంగు చుక్క ఒక్కటి కనిపించినా అది రంగు లోపం కాదు, సిరా అందకపోవడమే. ఎండకూ రసాయనాలకూ రంగులు ఎగిరిపోతాయని కూడా గుర్తుంచుకో.

స్టాంపులను విడదీసేందుకు అంచుల్లో వేసే చిల్లులు లేని స్టాంపు ఒంటిగా వస్తే అసలు కొనకు. అంచు వెడల్పున్న మామూలు స్టాంపును కత్తిరిస్తే చాలు, అలాంటిది తయారు. విడదీయని రెండు స్టాంపుల జంట కావాలి, ఆ జంట మధ్య కూడా చిల్లులు వేసే సూదులు సగం దిగిన నొక్కులు లేవని చూసుకో. వెనకవైపు అద్దంలోలా తిరగబడిన బొమ్మ ఉంటే మురిసిపోకు. ఆరని సిరా మీద ఇంకో షీటు పడితే అలా అంటుకుంటుంది, అది తరచూ దొరికేదే.

తప్పైనంత మాత్రాన అరుదూ కాదు. 1962లో ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శిగా చేసిన హామర్‌షోల్డ్ స్మారక స్టాంపుకు పసుపు రంగు తలకిందులైతే, అమెరికా తపాలా శాఖే దాన్ని కావాలని పెద్దఎత్తున మళ్ళీ అచ్చేసింది.

నీళ్ళలో నానబెట్టకు, జిగురు పూయకు, జంటను విడదీయకు. డబ్బు పెట్టేముందు నిపుణుల సంఘం ధ్రువపత్రం అడుగు. అందులోని ఫొటోను పక్కన పెట్టుకుని నాలుగు వైపులా ఒక్కో చిల్లూ, ఉంటే తపాలా ముద్రా సరిపోల్చు. పత్రం అసలుదై, స్టాంపు వేరేదైన సందర్భాలున్నాయి.